జారే చక్రానికి కళ్లెం

రెండెడ్ల బండిలో ఒక ఎద్దు మొరాయించినా రెండవ ఎద్దు తన బలం కొద్దీ కాడిని లాగుతుంది. మోటారు బండిలో ఆపాటి సహాయం కూడా దొరకదు. వెనుక చక్రాలలో ఒకటి బురదలో పడి జారిందంటే, తారురోడ్డు మీద నిక్షేపంగా నిలిచిన రెండవ చక్రం చేష్టలుడిగి చూస్తూ ఉంటుంది. ఎందుకలా జరుగుతుంది? దానికి విరుగుడు ఏమిటి? ఆ విరుగుడును ఇంటికి తెచ్చుకున్న తరువాత మనం కొత్తగా నేర్చుకోవలసినది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకూ అనుభవం మాకు నేర్పిన సమాధానాలను భిలాయి కుటుంబాలతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. వీటిలో మూడవ సమాధానం మాకు ఆలస్యంగా, కొంత భయంతోనే అబ్బింది.

ఎర్రమట్టిలో రెండు గంటలు

కొన్నేళ్ల క్రిందటి శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి దల్లీ రాజహరాలోని బంధువుల ఇంటికి సకుటుంబంగా వెళ్లి తిరిగి వస్తున్నాము. మన కర్మాగారానికి దశాబ్దాలుగా ఇనుప ఖనిజాన్ని అందించిన ఆ గనుల ఊరికీ, మన టౌన్‌షిప్‌కూ మధ్య దూరం సుమారు 90 కిలోమీటర్లు. మాది ఇంజను ముందు, చోదన వెనుక చక్రాలకు గల పాతకాలపు పద్ధతి బండి. బాలోద్ ఇంకా కొంత దూరం ఉందనగానే చీకటి పడింది. వాన ఎడతెరిపి లేకుండా కురుస్తున్నది. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి ఎడమ చక్రాలను రోడ్డు దించాము. అంతే. ఎడమ వెనుక చక్రం ఎర్రమట్టిలో దిగబడింది.

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను గర్జించింది. ఎడమ చక్రం గిర్రున తిరిగి బురదను వెదజల్లింది. కుడి వెనుక చక్రం తారు మీద, గట్టి నేల మీద ఉండి కూడా అంగుళం కదలలేదు. మరింత తొక్కితే మరింత లోతుకు దిగింది. సాయానికి వచ్చిన గ్రామస్థులు వెనుక నిలబడి నెట్టబోగా, చక్రం కింది నుంచి ఎగిరి వచ్చిన రాయి ఒక యువకుని కాలికి తగిలింది. అప్పటికి మాకు బుద్ధి వచ్చి ఇంజను ఆపాము.

వెనుక సీటులో కూర్చున్న మా మనుమడు అద్దంలోంచి తల బయటికి పెట్టి అడిగాడు: “తాతయ్యా, ఆ పక్క చక్రం మంచి రోడ్డు మీదే ఉంది కదా! అదెందుకు తిరగటం లేదు?”

రైలు పట్టాల మిల్లులో మూడు దశాబ్దాలకు పైగా పళ్ళ చక్రాల మధ్య గడిపిన మేము ఆ చీకటిలో ఆ పసివానికి సరైన సమాధానం చెప్పలేకపోయాము. మా మనసు మరొకచోట ఉన్నది. మా శ్రీమతికి మధుమేహం. రాత్రి తీసుకోవలసిన ఇన్సులిన్ ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నది. చీకటి పడేలోగా ఇల్లు చేరతామన్న ధీమాతో వెంట తీసుకురాలేదు. పైగా పేరంటంలో కాదనలేక పూర్ణం బూరెలు తిన్నది. ట్రాక్టరు దొరికి, తాడు కట్టి, బండిని రోడ్డెక్కించేసరికి రెండు గంటలు గడిచాయి. ఇల్లు చేరి రక్తపరీక్ష చేసుకుంటే గ్లూకోమీటరు 400 దాటి చూపింది. ఆ రాత్రి సెక్టార్ 9 ఆసుపత్రిలో గడిచింది. తెల్లవారేసరికి ఆమె కోలుకున్నది. కాని మనుమని ప్రశ్న మాత్రం మమ్మల్ని విడిచిపెట్టలేదు.

రైలుకు అక్కరలేనిది, కారుకు తప్పనిది

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం పెద్ద వలయంలోను, లోపలి చక్రం చిన్న వలయంలోను పయనిస్తాయి. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుందాం. మన గ్లోబ్ చౌక్ వంటి కూడలిని ఒకసారి పూర్తిగా చుట్టివస్తే బయటి చక్రం లోపలి దానికంటె దాదాపు 8.8 మీటర్లు అధికంగా తిరగాలి. విచిత్రమేమిటంటే, కూడలి చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. చక్రాల మధ్య దూరమే దానిని నిర్ణయిస్తుంది.

రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే ఈ తేడాను సర్దుకొనేందుకు ఏదో ఒక టైరు నేలపై రాసుకుంటూ జారవలసిందే. టైర్లు అరుగుతాయి, ఇరుసుపై ఒత్తిడి పెరుగుతుంది, బండి మలుపు తిరగటానికి మొరాయిస్తుంది.

మరి మన కర్మాగారం తయారుచేసే పట్టాలపై నడిచే రైలు సంగతి ఏమిటి? రైలు పెట్టె చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. అక్కడ డిఫరెన్షియల్ అనేదే లేదు. దానికి బదులు చక్రం అంచు సమతలంగా కాక కొద్దిగా శంఖువు ఆకారంలో ఉంటుంది. ఆ వాలు ప్రామాణికంగా 20కి 1 పాలు. మలుపులో ఇరుసు బయటివైపుకు ఒరిగినప్పుడు బయటి చక్రం పెద్ద వ్యాసం మీద, లోపలి చక్రం చిన్న వ్యాసం మీద పట్టాను తాకుతాయి. అందువల్ల ఒకే ఇరుసు మీద ఉండి కూడా రెండూ వేర్వేరు దూరాలు నడవగలుగుతాయి. మలుపు మరీ వాడిగా ఉన్నచోట ఈ సర్దుబాటు చాలక చక్రం పట్టాపై జారుతుంది. యార్డులలో మనం వినే కీచుమనే శబ్దం అదే. 2017లో ప్రారంభమైన మన యూనివర్సల్ రైల్ మిల్లు ఒకే ముక్కగా 130 మీటర్ల పట్టాలను తీస్తున్నది. ఆ పట్టా తల ఆకారం ఇంత కచ్చితంగా ఉండవలసిన కారణాలలో ఈ చక్రపు వాలు కూడా ఒకటి.

రోడ్డుకు పట్టా లేదు కనుక కారుకు వేరే ఉపాయం కావలసి వచ్చింది. 1820ల చివరలో పెకర్ అనే ఫ్రెంచి గడియారాల నిపుణుడు తన ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందాడు. నేటి కార్లలో ఉన్నది ఆ సూత్రమే. ప్రొపెల్లర్ షాఫ్టు చివరి పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు బిగించిన పెట్టెలో నాలుగైదు చిన్న పళ్ళ చక్రాలు ఉంటాయి. అవి ఎడమ, కుడి యాక్సిల్ షాఫ్టులకు తిప్పుడు బలాన్ని పంచుతాయి. మలుపులో ఒక చక్రం ఎంత నెమ్మదిస్తే రెండవది అంత వేగం పుంజుకుంటుంది.

మన ఇళ్ల ముందు ఒకప్పుడు నిలిచిన అంబాసిడర్లూ, ప్రీమియర్ పద్మినీలూ వెనుక చక్రాల చోదనతో నడిచినవే. 1983లో మారుతి 800 రాకతో ముందు చక్రాల చోదన ఇంటింటికీ పరిచయమైంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా జీపులు, సరకు వాహనాలు, పలు పెద్ద కుటుంబ వాహనాలు నేటికీ వెనుక చక్రాలతోనే నడుస్తున్నాయి.

సమానత్వమే శాపమైన వేళ

సాధారణ డిఫరెన్షియల్ గుణం ఒక్కటే: రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది. వినటానికి ఇది ఎంతో న్యాయంగా ఉన్నది. బురదలో మాత్రం ఈ న్యాయమే మనలను ముంచుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనుక చక్రాలపై ఒక్కొక్కదానికి 400 కిలోల బరువు ఉన్నదనుకుందాం. బురదలో పట్టు బరువులో పదవ వంతు మాత్రమే. అంటే ఎడమ చక్రం 40 కిలోల లాగుడుకు మించి నేలను నెట్టలేదు. అంతకు మించితే జారుతుంది. తారు మీది కుడి చక్రం 300 కిలోల లాగుడునైనా భరించగలదు. కాని డిఫరెన్షియల్ రెండింటికీ సమానంగా పంచుతుంది కనుక దానికీ దక్కేది 40 మాత్రమే. మొత్తం 80. బండి గుంటలోంచి బయటపడటానికి 150 కావాలంటే అది కదలదు. ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా ప్రయోజనం లేదు. బలహీనమైన చక్రం గీసిన గీతను బలమైన చక్రం దాటలేదు. మా మనుమని ప్రశ్నకు ఇదే సమాధానం.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఒక చక్రం నిలిచిపోయినప్పుడు రెండవది మామూలుకు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. స్పీడోమీటరు 40 చూపుతుంటే జారే చక్రం 80 వేగంతో తిరుగుతున్నదన్నమాట. డిఫరెన్షియల్‌లోని చిన్న చక్రాలు అంత వేగానికి, అంత సేపటికి ఉద్దేశించినవి కావు. బురదలో ఎక్కువసేపు యాక్సిలరేటర్ తొక్కిపట్టడం లోపలి భాగాలను కాల్చుకోవడమే. బండి వెనుక నిలబడిన వారికి ప్రమాదం సరేసరి.

కళ్లెంలో రకాలు

దీనికి విరుగుడు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మలుపులో చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగటానికి ఇది అనుమతిస్తుంది. కాని ఒక చక్రం హద్దుమీరి జారితే దానికి కళ్లెం వేసి, బలాన్ని రెండవదానికి మళ్లిస్తుంది. పట్టు ఉన్న చక్రానికి మూడింతల బలం మళ్లించగల పరికరం మా వద్ద ఉన్నదనుకుంటే, పై ఉదాహరణలో ఎడమకు 40, కుడికి 120 దక్కుతాయి. మొత్తం 160. బండి బయటపడుతుంది.

1930ల దశకంలో జర్మనీలో ఆటో యూనియన్ పందెపు కార్ల శక్తి పెరిగి, ఒక వెనుక చక్రం వృథాగా తిరిగిపోవడం సమస్య అయింది. ఫెర్డినాండ్ పోర్షే కోరికపై జడ్‌ఎఫ్ సంస్థ ఇటువంటి పరికరాన్ని రూపొందించింది. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో అది సాధారణ ప్రజల వాహనాలకు చేరింది.

నేడు ముఖ్యంగా నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది పలకల రకం. స్ప్రింగుల ఒత్తిడితో ఘర్షణ పలకలు రెండు షాఫ్టులనూ పెట్టెతో కొంత మేరకు కలిపి ఉంచుతాయి. రెండవది వాలు పళ్ళ గేర్ల రకం. ఇందులో పలకలు లేవు, అరుగుదల తక్కువ, నడక మెత్తన. అయితే ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే దీనికి చేతకాదు. సున్నాకు మూడింతలు సున్నాయే కదా! అప్పుడు బ్రేకును కొద్దిగా అదిమితే జారే చక్రానికి కొంత ఎదురు ఏర్పడి, రెండవదానికి బలం అందుతుంది. మూడవది చిక్కని సిలికాన్ ద్రవంతో పనిచేసేది. నాలుగవది తనంతట తాను బిగుసుకొనే రకం. చక్రాల వేగాల మధ్య తేడా ఒక హద్దు దాటగానే లోపలి చిన్న బరువులు విచ్చుకుని రెండు చక్రాలనూ పూర్తిగా కలిపివేస్తాయి. మహీంద్రా థార్‌లో 2015 నుంచి, వెనుక చక్రాల చోదన గల బొలెరో నియో పై శ్రేణి నమూనాలో 2021 నుంచి కర్మాగారంలోనే అమర్చి ఇచ్చినది ఈ రకమే.

ఇవికాక, కొత్త కార్లు పలువాటిలో జారే చక్రానికి మాత్రమే బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటున్నది. అది డిఫరెన్షియల్‌ను మార్చకుండానే చాలావరకు అదే పని చేస్తుంది. ఆ సదుపాయం ఉన్నవారు ఈ ఖర్చుకు దిగే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

బిగింపు: ఓర్పుకు పరీక్ష

మా ఇరుసు నమూనాకు సరిపోయే పలకల రకం పరికరాన్ని తెప్పించుకున్నాము. సుపేలాలో మాకు ఎంతోకాలంగా తెలిసిన మేస్త్రీ ఒకరున్నారు. ఆయన పెద్దలు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. పరికరాన్ని చేతిలోకి తీసుకుని చూసి ఆయన అన్న మొదటి మాట మాకు నేటికీ గుర్తే: “బాబూ, బిగించడం ఒక పూట పని. సరిగ్గా బిగించడం రెండు రోజుల పని. ఏది కావాలో మీరే చెప్పండి.” మేము రెండవదే కోరాము.

పని క్రమాన్ని ఔత్సాహికుల కోసం సంగ్రహంగా చెబుతాము. సమతలమైన నేలపై ముందు చక్రాలకు రెండువైపులా అడ్డు పెట్టి, వెనుక ఇరుసును ఎత్తి, గట్టి స్టాండ్లపై నిలపాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి పోరాదు. నూనె తీసివేసి యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగిన తరువాత, దేనినీ విప్పకముందే డయల్ గేజితో బ్యాక్‌లాష్‌ను, అంటే క్రౌన్ వీల్‌కూ పినియన్‌కూ నడుమ ఉన్న ఆడుగడ సందును కొలిచి వ్రాసుకోవాలి. చివరకు మళ్లీ అక్కడికే చేరవలసి ఉంటుంది.

బేరింగ్ క్యాపులపై ఎడమ, కుడి గుర్తులు వేయాలి. అవి ఒకదాని స్థానంలో మరొకటి ఇమడవు. షిమ్ములు ఏ పక్కవి ఆ పక్కనే వేరుగా ఉంచాలి. క్రౌన్ వీల్, పినియన్ జంటగా అరగదీసి సరిపెట్టిన కవలలు. వాటిలో ఒకదానిని మార్చి రెండవదానిని ఉంచరాదు. మేము పాత జంటనే ఉంచి, క్రౌన్ వీల్‌ను కొత్త పెట్టెకు కొత్త బోల్టులతో, ఎదురెదురు వరుసలో, టార్కు రెంచితో బిగించాము.

అసలు ఓర్పు పరీక్ష ఇక్కడే మొదలైంది. కొత్త పెట్టె కొలతలలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పళ్ళ కలయిక మారిపోతుంది. సందు సాధారణంగా మిల్లీమీటరులో పదవ వంతు మొదలు ఐదవ వంతు వరకు ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి తయారీదారు పుస్తకంలో చూసుకోవాలి. సందు తక్కువైతే పళ్ళు వేడెక్కి పాడవుతాయి, ఎక్కువైతే దెబ్బలాడుకుంటాయి. పళ్ళకు రంగు పూసి తిప్పి చూస్తే ఆ రంగు చెరిగిన గుర్తు పన్ను నడుమ పడాలి. అంచుకు పడితే షిమ్ములు మార్చి మళ్లీ మొదటికి రావాలి. మా మేస్త్రీ ఐదుసార్లు విప్పి ఐదుసార్లు బిగించారు. ఐదవసారి గుర్తు పన్ను నడుమ అచ్చు గుద్దినట్లు పడినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతృప్తి, మిల్లులో కొత్త రోళ్లు బిగించాక తొలి పట్టా నిటారుగా వచ్చినప్పుడు మా తోటి కార్మికుల ముఖాలలో చూసినదే.

నూనె విషయంలో పొదుపు కూడదు. పలకల రకానికి ఇరుసు నూనెతోపాటు ఘర్షణను సవరించే ప్రత్యేక ద్రవం కలపాలి, లేదా అది కలిపి ఉన్న నూనెనే పోయాలి. లేనిపక్షంలో మలుపులలో పలకలు పట్టుకుని వదులుతూ గరగరమని వణుకుతాయి. బిగించిన తరువాత ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో కొన్ని చుట్లు తిప్పి పలకలకు నూనె పట్టించాము. మొదటి 1,000 కిలోమీటర్ల లోపే ఆ నూనెను మార్చివేశాము.

నడకలో వచ్చిన మార్పు

ఆ ఏడాది మిగిలిన వానల్లో మా బండి ఎర్రమట్టిని లెక్కచేయలేదు. అయితే తడి తారురోడ్డు మరో పాఠం చెప్పింది. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న బండి మలుపులో మితిమీరి యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం ఒక్కటే జారుతుంది. బయటి చక్రం బండిని పక్కకు పోకుండా పట్టి ఉంచుతుంది. కొత్త పరికరంతో రెండు చక్రాలూ కలిసి పనిచేస్తాయి, పట్టు తప్పితే రెండూ కలిసే తప్పుతాయి. అప్పుడు బండి వెనుక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. కాబట్టి తడి మలుపులలో పాదం మరింత సున్నితంగా ఉండాలి. వెనుక టైర్లు రెండూ ఒకే కొలత, ఒకే అరుగుదల కలిగి ఉండటం కూడా ముఖ్యం. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే తిన్నని రోడ్డు మీద కూడా పలకలు విరామం లేకుండా రాసుకుంటూ అరుగుతాయి.

పాత అలవాటు, కొత్త ఇరుసు

ఇక మూడవ ప్రశ్న. దీపావళికి మా అబ్బాయి సెలవుపై ఇంటికి వచ్చాడు. బండి నడుపుతుంటే వెనుక ఎడమవైపు బేరింగు నుంచి ఏదో చప్పుడు వస్తున్నదని అతనికి అనిపించింది. చిన్ననాటినుంచి మమ్మల్ని చూసి నేర్చుకున్న విద్య ఒకటుంది: ఆ ఒక్క చక్రాన్ని జాకీతో ఎత్తి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఇంజను నడిపి, గేరు వేసి, తిరిగే చక్రం దగ్గర చెవి పెట్టి వినడం. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న బండిలో గాలిలోని చక్రమే తిరుగుతుంది, నేల మీది చక్రం కదలదు. అది కూడా సురక్షితమైన పద్ధతి కాదు. అయినా ఆ తప్పు అలవాటును అతనికి నేర్పినవారము మేమే.

మేము వీధి చివర కూరగాయలు కొంటున్నాము. ముందు చక్రానికి అడ్డుగా చిన్న ఇటుక ముక్క ఒకటే ఉన్నది. అతను గేరు వేసి క్లచ్ వదలగానే కళ్లెం తన పని తాను చేసింది. గాలిలోని చక్రంతోపాటు నేల మీది చక్రానికీ బలం అందింది. బండి జాకీ మీదినుంచి దూకి, ఇటుకను తొక్కి, క్వార్టరు ముందున్న జామచెట్టును గుద్ది ఆగింది. చెట్టు వంగింది, బంపరు సొట్టపోయింది. అంతకు కొద్ది నిమిషాల ముందు వరకు మా మనుమడు ఆ చెట్టు కిందనే ఆడుకుంటున్నాడు. మామ్మ జంతికలు తినమని పిలిస్తే లోపలికి వెళ్లాడు.

మా అబ్బాయి ముఖం పాలిపోయింది. అతను అడిగినది ఒక్కటే: “నాన్నగారూ, డిఫరెన్షియల్ మార్చినట్లు నాకెందుకు చెప్పలేదు?” మా వద్ద సమాధానం లేదు. పళ్ళ సందును మిల్లీమీటరులో వందవ వంతు వరకు కొలిచిన మేము, ఆ బండి తాళం చెవి పట్టుకొనే ఇంటివారికి ఒక్క మాట చెప్పటం మరిచాము.

మిల్లులో ఉండగా ఈ తప్పు మేము ఎన్నడూ చేయలేదు. ఒక యంత్రంలో ఏ చిన్న మార్పు చేసినా లాగ్ బుక్కులో వ్రాసి, తరువాతి షిఫ్టు వారికి అప్పగించనిదే గేటు దాటేవారము కాము. స్విచ్చికి ఎర్రచీటీ కట్టనిదే యంత్రంలో చేయి పెట్టేవారము కాము. ఇంటికి రాగానే ఆ క్రమశిక్షణను చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచిపెట్టాము. యంత్రం స్వభావం మారినప్పుడు దానిని ముట్టుకొనే ప్రతి మనిషికీ ఆ మార్పు తెలియాలి. ఆ సమాచారం అందేవరకు బిగింపు పూర్తి అయినట్లు కాదు.

ఆనాటి నుంచి మా బండి జాకీ మీద, డాష్‌బోర్డు లోపల, తెలుగులోను హిందీలోను వ్రాసిన చీటీలు ఉన్నాయి: “వెనుక ఒక చక్రం మాత్రమే ఎత్తి గేరు వేయరాదు. తిప్పి చూడాలంటే రెండు వెనుక చక్రాలూ స్టాండ్లపై ఉండాలి, ముందు చక్రాలకు అడ్డు ఉండాలి.” పంక్చరు వేసేవారికి, సర్వీసింగ్ చేసేవారికి తాళం ఇచ్చే ముందు ఈ మాట నోటితో కూడా చెబుతాము. పాత బండి కొనేవారికి ఒక చిన్న పరీక్ష: రెండు వెనుక చక్రాలూ స్టాండ్లపై ఎత్తి, ఇంజను ఆపి, గేరు లేకుండా, హ్యాండ్ బ్రేకు వదిలి ఒక చక్రాన్ని చేతితో తిప్పండి. రెండవది తేలికగా ఎదురు దిశలో తిరిగితే సాధారణ డిఫరెన్షియల్ కావచ్చు, కాని ఈ ఒక్క పరీక్షతో ఖాయమని చెప్పలేము. చక్రం గట్టిగా ఎదురు తిరిగినా, రెండూ ఒకే దిశలో తిరిగినా లోపల కళ్లెం ఉన్నదని అనుమానించాలి.

అందరికీ అవసరమా?

నిజం చెప్పాలంటే, అవసరం లేదు. సెక్టార్ల మధ్య, సివిక్ సెంటరుకూ దుర్గ్ స్టేషనుకూ తిరిగే బండికి మంచి టైర్లే పెద్ద కళ్లెం. గ్రామాలకు, గనుల దారులకు వానాకాలంలో తరచుగా వెళ్లేవారు మాత్రం ఆలోచించవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా చేసే మార్పులను నిరోధిస్తుంది. కనుక పనికి పూనుకొనే ముందు రవాణా కార్యాలయంలో విచారించి, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయడం మంచిది. అంతవరకు ఒక తాడు, ఒక పార, చక్రం కింద వేయటానికి రెండు చెక్కపలకలు బండిలో ఉంచుకుంటే చాలావరకు గండం గడుస్తుంది.

మనుమని ప్రశ్నకు ఇప్పుడు మేము సమాధానం చెప్పగలము. రెండు వంటింటి పళ్లేలు, ఒక పెన్సిలు తీసుకుని కూర్చుని చెప్పాము కూడా. అంతా శ్రద్ధగా విని, ఆ చీటీలను ఇకపై గుండ్రని అక్షరాలతో తానే వ్రాస్తానని వాడు పూనుకున్నాడు. పాతది వెలిసిపోయినప్పుడల్లా కొత్తది అంటించడం వాడి బాధ్యత.

మళ్లీ శ్రావణం వచ్చింది, రాజహరా పేరంటానికి పిలుపూ వచ్చింది. బండి ఎక్కుతూ మా శ్రీమతి ఒడిలో ఒక చిన్న డబ్బా పెట్టుకున్నది. “మీ ఇరుసు మీద నాకు నమ్మకమే, అయినా ఇది వెంట ఉండనివ్వండి” అన్నది. అందులో చల్లని ఐసు ప్యాకెట్ల నడుమ ఇన్సులిన్ ఉన్నది.